మోకాలి కింద కట్టు కాలు 4 నెలలకే వదులైపోతోంది: సాకెట్ మార్చాలా, కాలే మార్చాలా? (గజపతి జిల్లా, కాశీనగర్)

కాశీనగర్_ఫీల్డ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వంశధార పక్కనున్న ఊళ్లలో వికలాంగుల ఇళ్లకి తిరిగి చూసే పని మాది. మోకాలి కింద కాలు తీసేసిన ముగ్గురి విషయంలో సలహా కావాలి. ముగ్గురూ క్యాంపులో జైపూర్ కాలు తీసుకున్నవాళ్లే. ముగ్గురూ ఇప్పుడు "కొత్త కాలు ఇప్పించండి" అంటున్నారు.

మొదటాయన రైతు, 52 ఏళ్లు. ప్రమాదంలో కాలు తీసేసిన మూడో నెలలోనే కాలు పెట్టారు. 4 నెలలు అయింది. ఇప్పుడు మందపాటి సాక్సులు మూడు తొడిగితేగాని నిలవడం లేదు. పైన బిగుసుకుపోతోంది, కింద మాత్రం ఆడుతోంది అంటారు. స్టంప్ (కోసేయగా మిగిలిన కాలు) చివర చర్మం నల్లబడి, దళసరెక్కి, చెట్టు బెరడులా అయింది. చీలికల్లోంచి నీరు ఊరుతోంది.

రెండో ఆవిడకి 60 దాటాయి. షుగరు వల్ల కాలు తీసేశారు. లేని పాదం మండుతోందని రాత్రుళ్లు నిద్రపోదు. ఉన్న కాలి అరికాలు కూడా తిమ్మిరిగా ఉంటుందట.

మూడోవాడు సవర కుర్రాడు, 24 ఏళ్లు. కొండ మీద జీడితోట పని, ఉభాల (వరి నాట్ల) రోజుల్లో కిందకి కూలికి దిగుతాడు. రబ్బరు పాదం ముందువైపు అడుగున చీలింది. చీలమండ దగ్గర అడుగడుక్కీ కిర్రుమంటుంది. దమ్ము చేసిన మడిలో దిగితే కాలు ఊడి బురదలో ఉండిపోతోంది.

అడిగేది ఇది: కొత్త కాలు తెచ్చినా మళ్లీ నాలుగు నెలలకి ఇదే వరస కాదా? ఏది ఇక్కడే సరిచేయొచ్చు, ఏది సెంటర్‌కి తీసుకెళ్లాలి? ఇంకోటి, వీళ్ల కార్డులు ఒడిశావి, చుట్టాలంతా పాతపట్నం, టెక్కలి వైపు. ఆంధ్రా వైపు తీసుకెళ్తే చెల్లుతాయా?

---

బరంపురం_పీఅండ్ఓ

బాబూ, చాలా వివరంగా రాశారు, అందుకే జవాబు చెప్పడం తేలికైంది. ముగ్గురిలో ఒక్కరికి కూడా పూర్తి కొత్త కాలు మొదటి అవసరం కాదు. రైతుకి సాకెట్ (స్టంప్ దూర్చే తొడుగు) మారాలి, కుర్రాడికి పాదమూ పట్టీలూ బాగుపడాలి, ఆవిడకి ముందు నొప్పి ఎక్కణ్నుంచి వస్తోందో తేలాలి.

జైపూర్ పాదం గురించి ముందో మాట. 1968 ప్రాంతంలో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి దీన్ని తయారుచేశారు. అప్పటిదాకా ఇచ్చే విదేశీ పాదం లోపల గట్టి దిమ్మ ఉండేది, దానికి బూటు తప్పనిసరి, గొంతుక్కూర్చోవడం కుదరదు. మనవాళ్లు దాన్ని మూలన పడేసేవారు. వీళ్లు మడమకీ పాదం ముందు భాగానికీ స్పాంజి రబ్బరు, చీలమండకి తేలిక చెక్క దిమ్మ వాడి, పైన గట్టి రబ్బరు తొడుగు వేసి అచ్చులో ఉడికించారు. అందుకే అది అన్ని వైపులా వంగుతుంది, వట్టి కాలితో గట్టు మీద నడవనిస్తుంది. దాని బలం అది. కానీ ఆ పాదం ఎంత మంచిదైనా, మనిషికి దానితో సంబంధం సాకెట్ ద్వారానే. మీ ఊళ్లలో మూలపడ్డ కాళ్లు తిరగేసి చూడండి, ఎక్కువ వాటిలో పాదం బాగానే ఉంటుంది.

ఇక రైతు సంగతి. ఆపరేషన్ అయిన తొలి ఏడాదంతా స్టంప్ చిక్కుతూనే ఉంటుంది. వాపు తీస్తుంది, వాడకం లేని పిక్క కండ కరిగిపోతుంది. 6 నుంచి 12 నెలలకి, కొందరిలో ఇంకా ఆలస్యంగా, ఒక ఆకారానికి వచ్చి నిలబడుతుంది. మూడో నెలలో తీసిన అచ్చుతో చేసిన సాకెట్ ఏడో నెలకి సరిపోకపోవడం మామూలే. తొలి సాకెట్ తాత్కాలికమని క్యాంపులోనే చెప్పాలి. చెప్పకపోవడం వల్లే అందరూ కాలు పాడైపోయిందనుకుంటారు.

రోజులో కూడా మార్పు ఉంటుంది. 2001లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, సక్షన్‌తో నిలిచే సాకెట్ వేసుకుని 30 నిమిషాలు నడిస్తే స్టంప్ ఘనపరిమాణం సగటున 6.5 శాతం తగ్గింది. గాలిని పూర్తిగా లాగేసే వాక్యూమ్ సాకెట్‌తో నడిచినప్పుడు 3.7 శాతం పెరిగింది. మన దగ్గర ఆ వాక్యూమ్ సాకెట్లు లేవు కాబట్టి మనకి సాక్సులే దిక్కు. పొద్దున సరిగ్గా ఉన్న సాకెట్ మధ్యాహ్నానికి వదులవుతుంది. అప్పుడు ఒక పలచటి సాక్సు అదనంగా వేయాలి. ఆ సాక్సు జేబులో పెట్టుకుని పనికి వెళ్లాలి, ఇంట్లో వదిలేస్తే లాభం లేదు.

సాక్సులు పలచటివి, మధ్యరకం, మందంవి అని 1, 3, 5 ప్లైలుగా వస్తాయి. వేసినవన్నీ కలిపి 10 నుంచి 12 ప్లై దాటిందంటే ఇక సాక్సులతో పని జరగదు, సాకెట్ మార్చాల్సిందే. మీ రైతు మూడు మందపాటివి వేస్తున్నారంటే 15. గీత ఎప్పుడో దాటేశారు.

దానివల్లే ఆ బెరడు చర్మం. సాక్సు స్టంప్ మొత్తం మీద ఒకే మందంగా పడుతుంది. కానీ స్టంప్ చిక్కేది కిందవైపు ఎక్కువ, మోకాలి దగ్గర ఎముకే కాబట్టి తక్కువ. సాక్సులు పెంచినకొద్దీ పైన బిగుసుకుని రక్తం వెనక్కి పోకుండా పట్టేస్తుంది, పైగా స్టంప్ మొత్తం పైకి లేచి చివర గాలిలో వేలాడుతుంది. నీరు అక్కడ చేరి, చర్మం నల్లబడి, మొటిమల్లా లేచి, పగిలి ఊరుతుంది. ఆయింట్‌మెంట్ రాస్తే తగ్గదు. చివర భాగం సాకెట్ అడుగుని మెత్తగా తాకుతూ ఉంటే వారాల్లో, నెలల్లో అదే తిరిగి మామూలవుతుంది. చీము, వాసన, జ్వరం ఉంటే మాత్రం ముందు డాక్టరు. సాకెట్ సరిచేశాక కూడా తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించాలి.

అడుగున ఖాళీ ఉందో లేదో మీరే చూడొచ్చు. గోధుమపిండి గట్టిగా కలిపి గోలీ అంత ముద్ద చేసి, పలచటి పాలిథిన్‌లో చుట్టి, సాకెట్ అడుగున మధ్యలో పెట్టండి. రోజూ వేసే సాక్సులతోనే కాలు తొడిగించి, రెండు కాళ్ల మీద సమానంగా బరువేసి ఒక నిమిషం నిలబెట్టండి. తీసి చూస్తే ముద్ద గుండ్రంగా అలాగే ఉంటే అడుగున ఖాళీ. 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందానికి అణిగితే బాగుంది. కాగితంలా అయిపోయి, ఎముక కొసన నొప్పి అంటే బరువంతా చివరే పడుతోంది, అది ఇంకో రకం తప్పు.

కొత్త సాకెట్ వచ్చేలోగా: మూడు సాక్సుల్లో రెండు తీసేసి, వాటి బదులు స్టంప్ కింది సగం మాత్రమే కప్పే పొట్టి సాక్సు ఒకటి లోపల వేయండి. కత్తిరించిన అంచు మడతపడకుండా చూడాలి, ఆ మడతే పుండు చేస్తుంది. అడుగున మెత్తని రబ్బరు ప్యాడ్ పెట్టే పని టెక్నీషియన్‌ది, 3 మిల్లీమీటర్ల పొర చొప్పున పెంచుతూ పోతారు. ఇంట్లో గుడ్డ కూరితే స్టంప్ పైకి లేచిపోతుంది, వద్దనండి.

మరో పరీక్ష ముగ్గురికీ చేయండి. 15 నిమిషాలు నడిపించి కాలు విప్పి ఎర్రదనం చూడండి. మోకాలిచిప్ప కింద ఉన్న నరం లాంటి పట్టీ మీద, నలగొంబు (మోకాలి కింద ముందువైపు) ఎముకకి ఇరుపక్కలా ఉన్న కండ మీద, మోకాలి లోపలివైపు వాలు మీద ఎరుపు ఉంటే భయం లేదు, బరువు మోసే చోట్లు అవే. బయటివైపు మోకాలి కింద తగిలే చిన్న ఎముక గుబ్బ మీద, నలగొంబు అంచు మీద, ఎముక కొస మీద ఎరుపు ఉండకూడదు. బరువు మోసే చోట్ల ఎరుపు 10 నిమిషాల్లో పోతే పరవాలేదు, ఎక్కడైనా సరే 20 నిమిషాలు దాటినా ఉంటే ఆ సాకెట్‌తో నడవనివ్వకండి.

---

పలాస_ఫిజియో

సార్ సాకెట్ గురించి చెప్పారు కాబట్టి నేను కాలు విప్పిన తర్వాత సంగతి చెప్తాను. క్యాంపుల్లో కాలు చేతికిస్తారు, క్రేప్ బ్యాండేజీ ఇవ్వరు. సగం కష్టం అక్కడే మొదలవుతుంది.

కట్టు కాలు వేసుకోని ప్రతి గంటా, రాత్రి నిద్రలో కూడా, తొలి ఏడాది స్టంప్‌కి 4 అంగుళాల క్రేప్ బ్యాండేజీ ఉండాలి. ఏటవాలుగా ఎనిమిది అంకె వేసినట్టు చుట్టాలి. గుండ్రంగా ఒకదాని మీద ఒకటి చుట్టకూడదు, అది తాడు కట్టినట్టు రక్తాన్ని ఆపేస్తుంది. చివర గట్టిగా, పైకి పోయేకొద్దీ వదులుగా. మోకాలు దాటించి తొడ మీద రెండు చుట్లు వేస్తే జారదు. 4 నుంచి 6 గంటలకోసారి విప్పి మళ్లీ కట్టాలి. నొప్పి, తిమ్మిరి వస్తే వెంటనే విప్పాలి. షుగరు ఉన్న ఆవిడకి తిమ్మిరి తెలియదు కదా, ఆవిడ విషయంలో ఇంట్లోవాళ్లు చర్మం రంగు చూస్తూ ఉండాలి. బ్యాండేజీలు రెండు ఉంచుకోండి, ఒకటి ఉతికి నీడలో పరిచి ఆరేయండి. తీగ మీద వేలాడదీస్తే సాగిపోతుంది.

మోకాలి కింద దిండు పెట్టకూడదు. సుఖంగా ఉంటుందని ఇంట్లోవాళ్లు ప్రేమతో పెడతారు, నెల తిరిగేసరికి మోకాలు వంగి బిగుసుకుపోతుంది. 20, 25 డిగ్రీలు వంగి నిలిచిపోయిందంటే సాకెట్ కుదరడమే కష్టం. కుర్చీలో కూర్చుంటే స్టంప్ కింద పలక పెట్టి కాలు చాపుకోవాలి. రోజుకి రెండుసార్లు 20 నిమిషాలు బోర్లా పడుకోవాలి.

స్టంప్‌ని పొద్దున కాదు, రాత్రి కడగాలి. పొద్దున కడిగితే తడికి చర్మం ఉబ్బి సాకెట్‌లో ఒరుసుకుంటుంది. కొబ్బరినూనె రాయాలంటే రాత్రే. వెంట్రుకలు బ్లేడుతో గీయకూడదు, లోపలికి పెరిగి సెగ్గడ్డలు లేస్తాయి. సాకెట్ లోపల తడిగుడ్డతో సబ్బు పెట్టి తుడిచి తెల్లారేసరికి ఆరనివ్వాలి. మన దగ్గర ఉక్క ఎంతో తెలిసిందే, మధ్యాహ్నం సాక్సు తప్పకుండా మార్చాలి.

ఇక ఆవిడ మంట. ముందు ఇది తేల్చుకోండి: నొప్పి నడిచినప్పుడు వచ్చి, కాలు విప్పితే తగ్గుతోందా? అయితే అది సాకెట్ నొప్పి. స్టంప్ మీద ఒకే చోట వేలితో తట్టగానే కరెంటు కొట్టినట్టు లాగుతోందా? అది నరం కొసన కట్టిన గడ్డ, సర్జన్ చూడాలి. ఈ రెండూ కాక, కాలు విప్పి పడుకున్నప్పుడు లేని వేళ్లు, లేని అరికాలు మండితే అదే ఫాంటమ్ నొప్పి.

దీనికి అద్దంతో చేసే వ్యాయామం ఉంది. డాక్టర్ వి.ఎస్. రామచంద్రన్ 1990లలో మొదలుపెట్టారు. 2007లో కాలు పోయినవాళ్ల మీద అమెరికాలో చేసిన చిన్న ప్రయోగం వచ్చింది. రోజుకి 15 నిమిషాలు, 4 వారాలు. మూడు జట్లుగా మొత్తం 18 మంది పూర్తిచేస్తే, అద్దం చూసిన 6 గురికీ నొప్పి తగ్గింది. అద్దం మీద గుడ్డ కప్పి చేయించిన 6 గురిలో ఒక్కరికే తగ్గింది. సంఖ్య చిన్నదే, కానీ ఖర్చు లేదు, పెద్దగా హాని లేదు, అందుకే చేయించమంటాను.

అద్దం సుమారు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉండాలి. బీరువా అద్దం లాంటిది చాలు, అంచులకి టేపు వేయండి. ఆవిడ మంచం మీద కాళ్లు చాపి కూర్చుంటే, రెండు కాళ్ల మధ్య అద్దాన్ని నిలువుగా పెట్టి, ఉన్న కాలు అద్దంలో కనబడేలా, స్టంప్ అద్దం వెనక దాగేలా సర్దాలి. గజ్జెలూ పట్టీలూ ఉంటే తీసేయాలి. ఉన్న పాదాన్ని మెల్లగా పైకీ కిందకీ, వేళ్లు ముడిచి చాపుతూ, అద్దంలోకే చూస్తూ, లేని పాదం కూడా అలాగే కదుపుతున్నట్టు ప్రయత్నించాలి. మొదటి రోజుల్లో కొందరికి తల తిరుగుతుంది, ఏడుపు వస్తుంది. 5 నిమిషాలతో మొదలుపెట్టండి. దీనితో సరిపోకపోతే నరాల నొప్పికి మందులున్నాయి, షుగరూ కిడ్నీలూ చూసి డాక్టరే రాయాలి.

---

కాశీనగర్_ఫీల్డ్

సార్, మేడమ్, ధన్యవాదాలు. పిండి ముద్ద పరీక్ష ఈ రోజే చేయించాను. రైతు సాకెట్‌లో పెట్టింది పెట్టినట్టే వచ్చింది, ఎక్కడా అణగలేదు. రెండు సాక్సులు తీసేసి పొట్టి సాక్సు వేస్తే కాస్త నయమన్నారు.

కుర్రాడి పాదం గురించి చెప్పండి. ఈలోగా ఊళ్లో ఒకాయన సైకిల్ షాపులో అతికిద్దామంటున్నాడు. ఇంకొకరు పేపర్లో చూసి "ఐఐటీ కాలు" తెప్పించమంటున్నారు.

---

బరంపురం_పీఅండ్ఓ

ఐఐటీ మద్రాసువాళ్లు 2022లో విడుదల చేసిన 'కదమ్' మోకాలి పైన తీసేసినవాళ్లకి పెట్టే మోకాలి కీలు. 160 డిగ్రీల దాకా మడుస్తుంది, బస్సు సీట్లో, ఆటోలో ఇరుక్కోకుండా కూర్చోవచ్చు. దేశంలో తయారైన మంచి పరిశోధన అది. జైపూర్ సంస్థ, స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కలిసి చేసిన నైలాన్ మోకాలు కూడా అలాంటిదే, 2009లో టైమ్ పత్రిక ఆ ఏటి గొప్ప ఆవిష్కరణల్లో చేర్చింది. మీ ముగ్గురికీ సొంత మోకాలు ఉంది. వాళ్లకి ఇవి అక్కర్లేదు. మీ బ్లాకులో తొడ దగ్గర కాలు తీసేసినవాళ్లు ఎవరైనా ఉంటే మాత్రం ఈ పేర్లు గుర్తుపెట్టుకోండి, క్యాంపులో పాత ఒంటి ఇరుసు మోకాలు ఇస్తామంటే ఇవి అడగండి.

కుర్రాడి పాదం: చీలిక ఎంత లోతుందో చూడండి. గోరు దిగేంత పైపొర చీలికైతే సైకిల్ షాపు పని చాలు. చీలికని విప్పి బురద కడిగి, పూర్తిగా ఒక రోజు ఆరనిచ్చి, లోపల రెండు వైపులా ఇసుక కాగితంతో గరుకు చేసి, రబ్బరు సొల్యూషన్ పలచగా రాసి, వేలికి అంటనంత ఆరాక నొక్కి, బట్టతో గట్టిగా చుట్టి రాత్రంతా ఉంచాలి. తడి మీద అతికిస్తే రెండో రోజే విడిపోతుంది. లోపలి స్పాంజి కనబడుతుంటే అతికించకండి, నీరు తాగిన స్పాంజి లోపల కుళ్లుతుంది. పాదం మార్చాలి. పాదం ఒక్కటే మార్చొచ్చు, సాకెట్ కదపక్కర్లేదు.

కిర్రుమనేది చీలమండ దగ్గర స్క్రూలు వదులై. ప్లాస్టిక్ గొట్టం కింది అంచు చెక్క దిమ్మ మీద కూర్చుని, చుట్టూ స్క్రూలతో బిగించి ఉంటుంది. సందులోంచి నీరు వెళ్లి చెక్క ఉబ్బి ఆరి ఉబ్బి ఆరి, స్క్రూ రంధ్రం పెద్దదవుతుంది. ఊరికే బిగిస్తే వారానికి మళ్లీ వదులే. పాత రంధ్రం వదిలి పక్కన కొత్త రంధ్రం వేసి, తుప్పు పట్టని స్టీలు స్క్రూ వేసి, సందంతా సిలికాన్ సీలెంట్‌తో మూసేయాలి. పాదం ముందు ఏ వైపు తిరిగి ఉందో స్కెచ్ పెన్నుతో గొట్టం మీదా పాదం మీదా ఒకే గీత గీశాకే విప్పాలి. గీత తప్పి బిగిస్తే అడుగు పక్కకి తిరిగి మోకాలు నొప్పెడుతుంది.

పాదాన్ని కిరోసిన్‌తో, డీజిల్‌తో కడగొద్దు, రబ్బరు ఉబ్బి పొర విడిపోతుంది. పొయ్యి పక్కన ఆరబెట్టొద్దు, రబ్బరు పగులుతుంది, సాకెట్ ప్లాస్టిక్ కూడా వేడికి సాగి ఆకారం పోతుంది. మంచినీళ్లతో కడిగి, తుడిచి, నీడలో తలకిందులుగా ఆనించండి.

బురద మడి గురించి: నా మటుకు దమ్ము చేసిన మడిలోకి ఈ కాలుతో దిగొద్దనే చెప్తాను. బురద కిందకి లాగే బలం మోకాలి పైన ఉన్న ఒక్క పట్టీ ఆపలేదు.

---

జయపురం_సీబీఆర్

పెద్దవారు, మీ మాట కాదనలేను, కానీ ఉభాల్లో దొరికే కూలి ఆ కుర్రాడికి ఏడాదిలో పెద్ద ఆదాయం. దిగొద్దంటే కాలు గట్టు మీద వదిలి, మోకాళ్ల మీద పాకుతూ నాటేస్తాడు, స్టంప్ బురదలో ఒరుసుకుని పుండవుతుంది. దిగేలా ఏం చేయొచ్చో చూద్దాం.

నడుముకి 2 అంగుళాల బెల్టు, దాని ముందు మధ్యలోంచి ఒక అంగుళం సాగే పట్టీ కిందకి దిగి, మోకాలిచిప్ప పైన రెండు పాయలుగా విడిపోయి సాకెట్‌కి ఇరుపక్కలా బకిల్స్‌తో కలవాలి. తిరగేసిన 'వై' లాగ. పాత పద్ధతే, ఏ సెంటర్‌లో అడిగినా కుట్టిస్తారు. కూర్చుంటే వదులవ్వాలి, నిలబడితే బిగవాలి, ఆ కొలత కూర్చోబెట్టీ నిలబెట్టీ రెండు విధాలా సరిచూడాలి. తోలు పట్టీ వద్దు, నీటికి కుళ్లి చర్మాన్ని కోస్తుంది. నైలాన్ నవారు మంచిది. బకిల్స్ స్టీలువో ప్లాస్టిక్‌వో అడగండి.

బురద చీలమండ దాకా ఉన్న మడుల్లో, గట్టుకి దగ్గర వరసలు అతనికి ఇవ్వమని మేస్త్రీతో మాట్లాడండి. పిక్క లోతు దాటితే పట్టీ ఉన్నా దిగకూడదు. అక్కడ నారు అందించే పని, నారు కట్టలు కట్టే పని ఇస్తారు. కాలు పైకి లాగేటప్పుడు నిలువుగా కాక, ముందు మడమ కాస్త తిప్పి గాలి దూరనిచ్చి లాగమని నేర్పించండి. సాయంత్రం స్టంప్ చూడటం మాత్రం మానకూడదు.

కొండ వాలు సంగతి ఒకటి. చెప్పు వేసుకుని నడవడానికి సరిచేసిన కాలుతో వట్టి పాదాన నడిస్తే మోకాలు వెనక్కి తోసినట్టవుతుంది. వట్టి పాదానికి సరిచేసిన కాలికి ఎత్తు మడమ చెప్పు వేస్తే మోకాలు ముందుకి కూలబడుతుంది. అతను తోటలో ఎలా నడుస్తాడో అలాగే సెంటర్‌కి తీసుకెళ్లి సరిచేయించండి. వాలు దిగేటప్పుడు కట్టు కాలు ముందు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు.

---

కొత్తవలస_లైను

కాగితాల సంగతి నేను చెప్తాను. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ఒడిశాది అని ఆంధ్రాలో వెనక్కి పంపకూడదు. చెల్లనివి రాష్ట్రాల సొంత పథకాలు: పింఛను, రాష్ట్ర ప్రభుత్వం సొంత డబ్బుతో ఇచ్చే పరికరాలు. వాటికి నివాసం ఎక్కడుంటే అక్కడే. కాబట్టి ఒడిశా పింఛనూ, భీమభోయి క్యాంపులూ (వికలాంగులకి ఒడిశా ప్రభుత్వం పెట్టేవి) ఒడిశా వైపే చూసుకోండి. చుట్టాల అడ్రసుతో రెండోవైపు కూడా రాయించే ప్రయత్నం వద్దు, పట్టుబడితే రెండూ ఆగిపోతాయి.

వికలాంగులకి పరికరాలు కేంద్రం ఇచ్చే అడిప్ పథకంలో అదే పరికరానికి గత 3 ఏళ్లలో సాయం తీసుకుని ఉండకూడదు. 12 ఏళ్లలోపు పిల్లలకి ఏడాదే. మీ రైతు ఇరుక్కునేది ఇక్కడే. "కొత్త కాలు" అని దరఖాస్తు రాస్తే 3 ఏళ్లు ఆగమంటారు. "ఉన్న కాలికి సాకెట్ మార్పు, స్టంప్ కుంచించుకుపోయింది, చర్మవ్యాధి వచ్చింది" అని డాక్టరు చీటీతో రిపేరు కింద వెళ్లండి. చీటీలో ఆపరేషన్ తేదీ ఉండాలి, ఏడాది లోపే అని అందులో కనబడాలి.

ఎక్కడికి అంటే: కటక్ జిల్లా ఒలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ మీకు సరైన చోటు. కేంద్ర ప్రభుత్వ సంస్థ, సాకెట్ చేసేవాళ్లు, ఫిజియోలు, సర్జన్లు ఒకేచోట ఉంటారు. గుణుపురం నుంచి నౌపడా వచ్చే లైనులో ఎక్కి, మెయిన్ లైనులో కటక్ వైపు పోవచ్చు. ఒక్కరోజులో తిరిగొద్దామని వెళ్లొద్దు. అచ్చు తీసి, సాకెట్ చేసి, నడిపించి చూసి, ఎరుపు చూసి, మళ్లీ సరిచేసి పంపాలి. తోడు ఒక మనిషి, నాలుగైదు రోజుల బట్టలు. ఆంధ్రా వైపు అయితే కొత్తవలస దగ్గర మంగళపాలెంలో శ్రీ గురుదేవ చారిటబుల్ ట్రస్టు ఉచితంగా కాళ్లు చేస్తుంది. కోరాపుట్, రాయగడ వైపు నుంచి కూడా రైలు సదుపాయం ఉంది. ముందు ఫోను చేసి రోజు అడిగి వెళ్లండి.

పట్టుకెళ్లాల్సినవి: యూడీఐడీ, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, ఆపరేషన్ డిశ్చార్జి కాగితం, ఫోటోలు, వాడుతున్న సాక్సులన్నీ, పాత కాలు. పాత కాలు మరిచిపోయి వెళ్లేవాళ్లే ఎక్కువ. దాన్ని చూస్తేనే తప్పు ఎక్కడో వాళ్లకి తెలిసేది. కాగితాలు ఒడియాలో ఉంటే ఆంధ్రా వైపు వెళ్లేముందు ఇంగ్లీషు నకలు తీయించండి.

---

పలాస_ఫిజియో

ఒకటి మిగిలిపోయింది, ముగ్గురిలో నాకు ఎక్కువ బెంగ దాని గురించే. ఆవిడ రెండో అరికాలు తిమ్మిరి. షుగరుతో ఒక కాలు పోయినవాళ్లకి రెండోది కూడా ప్రమాదంలోనే ఉంటుంది, పైగా ఇప్పుడు బరువంతా దాని మీదే.

పీహెచ్‌సీలో 10 గ్రాముల మోనోఫిలమెంట్ ఉందేమో అడగండి, సన్నని నైలాన్ పోగు. అరికాలికి నిటారుగా ఆనించి, అది వంగేదాకా నొక్కి, తెలుస్తోందా అని ఆవిడ కళ్లు మూసి అడగాలి. బొటనవేలు అడుగు, పాదం ముందు గుబ్బల కింద మూడు నాలుగు చోట్ల. కాయ కట్టిన చోట పెట్టకూడదు. తెలియకపోతే ఆ కాలికి దెబ్బ తగిలితే తెలిపే రక్షణ అనుభూతి పోయినట్టే.

అలాంటి పాదానికి ఎమ్‌సీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు) చెప్పులు కావాలి. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల తిమ్మిరి పాదాల మీద చేసిన పని నుంచి వచ్చినవి. పుండుకి కారణం రోగం కాదు, నొప్పి తెలియని పాదం ఒకేచోట మళ్లీ మళ్లీ బరువు మోయడమేనని తేలింది అక్కడే. లోపల 10 నుంచి 12 మిల్లీమీటర్ల మెత్తని ఎమ్‌సీఆర్, 15 షోర్ (రబ్బరు గట్టిదనం కొలత) మెత్తదనం, అడుగున ముల్లు దిగని గట్టి రబ్బరు, మడమ వెనక పట్టీ. మేకులు ఒక్కటి కూడా ఉండకూడదు, అంతా అతుకూ కుట్టూ. రెండు వేళ్ల మధ్య ఉంగటం ఉన్నది వద్దు. బొటనవేలితో నొక్కి చూడండి, లోపలి రబ్బరు సగానికి అణిగి మళ్లీ లేవాలి. అణిగి లేవకపోతే మార్చాలి. కుష్ఠు కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఇవి ఇస్తారు, షుగరు వాళ్లకి కూడా అడిగి చూడండి.

ఒక మాట గుర్తుంచుకోండి: కొత్త చెప్పు వేసుకున్నాక కట్టు కాలి వైపు ఎత్తు తగ్గిపోతుంది. రెండు తుంటి ఎముకల మీద చేతులు పెట్టి సమంగా ఉన్నాయో చూసి, తేడా ఉంటే కట్టు కాలి పాదానికి కూడా అంతే మందం చెప్పు చేయించండి.

---

కాశీనగర్_ఫీల్డ్

మోనోఫిలమెంట్ పీహెచ్‌సీలో ఉందట, రేపు ఆవిడని అక్కడికే తీసుకెళ్తున్నాను. రైతుకి డాక్టరు చీటీ ఆపరేషన్ తేదీతో రాయిస్తాను. కుర్రాడి పాదం చీలికలో స్పాంజి కనబడుతోంది, కాబట్టి సైకిల్ షాపు వద్దని చెప్పాను. రైతునీ అతన్నీ కలిపి ఒలట్‌పూర్ తీసుకెళ్లి, పాదమూ 'వై' పట్టీ అక్కడే చేయిస్తాను. జయపురం అన్నగారూ, ఆ పట్టీకి నవారు వెడల్పు అంగుళమేనా, ఒకటిన్నర ఉండాలా?

---

జయపురం_సీబీఆర్

కిందకి దిగే సాగే పట్టీ, దాని రెండు పాయలూ అంగుళమే, తమ్ముడూ. ఒకటిన్నర అయితే మోకాలు మడిచినప్పుడు పక్కల ముడుచుకుని ఒరుసుకుంటుంది. నడుము బెల్టు మాత్రం 2 అంగుళాలకి తగ్గించొద్దు.